మంగళవారం, పదకొండున్నర

తెల్లవారుజాము నాలుగింటికి
రియోని నది మీద పొగమంచు లేవకముందే
నేను పొయ్యిలోకి వంగుతాను.
మా తోనె అంటే నేలలో పాతిన పెద్ద మట్టి బాన.
నడుం దాకా లోపలికి వాలి
ఎర్రబడ్డ గోడకి పిండిని చరచాలి,
ఒక్క ఊపు, ఒక్క దెబ్బ,
ఊపిరి బిగబట్టి పైకి లేవాలి.
ముప్పై నాలుగేళ్లుగా రోజుకి మూడు వందలసార్లు
నా కుడి భుజం నిప్పుకి మొక్కుతోంది.

ఇప్పుడు మొరాయించింది.
చెయ్యి చెవి దాకా లేవదు.
చొక్కా గుండీలు ఎతేరి పెడుతుంది.
పెడుతూ ఏమీ అనదు, అదే బాధ.

డాక్టర్ ఖతూనా తెర మీద నా భుజం లోపల చూపించింది.
పల్చటి బూడిదరంగు మబ్బు.
"ఇది వాపు. ఇదిగో, ఈ తాడు అరిగింది.
కార్టిజోన్ ఇస్తాను. కొందరికి ఆరు నెలలు హాయి,
కొందరికి మూడు వారాలే.
చక్కెర నాలుగు రోజులు పెరుగుతుంది, చూసుకో.
మళ్లీ మళ్లీ మాత్రం అడక్కు,
ఊరికే పొడిస్తే తాడు మెత్తబడుతుంది."
తర్వాత కళ్లజోడు తీసి
"శుక్రవారానికి రెండు రొట్టెలు ఉంచు, బాగా కాలినవి" అంది.
తొమ్మిదేళ్లుగా ఆమె తింటున్నది నా భుజమే.

పక్కింటి లమారా మోకాలికి మూడుసార్లు వేయించుకుంది.
మొదటిసారి మనవరాలి పెళ్లిలో ఆడింది.
రెండోసారి మార్కెట్ దాకా నడిచింది.
మూడోసారి సంగతి అడిగితే
టీలో చెర్రీ మురబ్బా కలుపుతూ కూర్చుంది.
నా బావమరిది బిద్జీనా అయితే సూదికి దండం పెడతాడు.
"అదే సాయంత్రం ట్రక్కు టైరు ఎత్తాను, తెలుసా!"
ఎత్తాడు, నిజమే.
ఆ టైరు దింపాక ఎక్కడికెళ్లాడో చెప్పడు.

సూదంటే నాకు భయం లేదు.
ఈ పొయ్యి నా కనుబొమల్ని రెండుసార్లు తినేసింది.
నొప్పి పోతుందనే నా భయం.
ఇన్నాళ్లూ చెయ్యి పట్టుకుని ఆపింది అదేగా,
చాలు, ఇవాళ్టికి రెండు వందలు చాలు అని.
దాని నోరు నొక్కేశాక
నా సంగతి నాకు తెలుసు.
నాలుగు వందలు కొడతాను,
మిగిలిన నారపోగు కూడా తెంపుకుంటాను
ఈల వేసుకుంటూ.

కానీ రాత్రులున్నాయి.
కుడికి ఒత్తిగిల్లలేను, కుడివైపే ఎతేరి.
పదకొండు నెలలుగా
పైకప్పుతో కాపురం చేస్తున్నాను.
నొప్పి మంచి సలహాదారే కావచ్చు,
అర్ధరాత్రి రెండింటికి తలుపు బాదే సలహాదారుని
ఎవరు భరిస్తారు?

నిన్న ఎడం చేత్తో ప్రయత్నించాను.
మొదటి రొట్టె నిప్పుల్లో పడింది.
రెండోది గోడకి అంటింది గానీ
నెలవంకలా రావాల్సింది
చెప్పులా కాలింది.
రేజో నవ్వాపుకోలేక పిండి బస్తాల వెనక్కి పోయాడు.
పంతొమ్మిదేళ్లు వాడికి,
తనకి భుజాలున్నాయని కూడా గుర్తుండని వయసు.

వాణ్ణి పిలిచి ఇనప కొక్కెం చేతికిచ్చాను.
"మంగళవారం నుంచి రెండు వారాలు పొయ్యి నీది."
"మరి మీరు?"
"కిటికీ దగ్గర చిల్లర లెక్కపెడతాను."

అప్పుడు నోరు విప్పింది ఎతేరి:
"సూది సంగతి సరే.
పొయ్యి పక్కనే ఉండి, వాడు తప్పు చేస్తుంటే చూస్తూ
కిటికీ దగ్గర కూర్చోగలవా?
ముందు అది తేల్చుకో."

తేల్చుకోలేదు.
ఒక్కటే, ఒక్కసారే అని కాగితం మీద రాసి
తడిపిండితో గోడకి అంటించాను.
ఎండితే ఊడిపోతుందని తెలుసు.

ఆ చెప్పులాంటి రొట్టెని మాత్రం ఎవరికీ అమ్మలేదు.
ఉప్పటి చీజ్ ముక్క పెట్టుకుని
నేనే తిన్నాను, నిలబడి,
ఎడం చేత్తో.